మూసిన గదిలో పెద్ద

కరెంటు పోయి వచ్చిన రోజునుంచీ ఆస్పత్రి కంప్యూటర్లు మాట వినడం మానేశాయి. ఎక్స్‌రే గదిలో తీసిన బొమ్మ పై అంతస్తులో డాక్టరుగారి తెర మీద సగం దిగి ఆగిపోయేది. రక్తపరీక్షల ఫలితాలు ల్యాబులో బయల్దేరి ఎక్కడో దారి తప్పి, అడిగీ అడిగీ విసిగినవాళ్లు కాగితం కోసం మెట్లు దిగడం మొదలుపెట్టాక తీరిగ్గా ప్రత్యక్షమయ్యేవి. కాసేపు అంతా బాగుండేది. అంతలో మళ్లీ మొదలు.

"ఏం జబ్బో కనిపెట్టమ్మా తల్లీ! మనుషులకైతే మేమే ఏదో ఒక మందిచ్చేవాళ్లం" అంది ల్యాబ్ టెక్నీషియన్, నెట్‌వర్క్ గది గుమ్మంలో నిలబడి.

"కనిపెడుతున్నాను" అంది లోపల కూర్చున్నావిడ, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ఆస్పత్రిలో ఆవిణ్ణి అందరూ నెట్‌వర్క్ మేడమ్ అంటారు. ఇంట్లో చిన్నకోడలు. ఆ కుర్చీలో అంతకుముందు కూర్చున్నది ఆవిడ బావగారు, భర్తకు సొంత అన్న. ఆవిడకు ఈ పని నేర్పింది ఆయనే. "మా తమ్ముడొకడున్నాడు, నోట్లో నాలుక లేనివాడు. వాడికి నీలాంటి గడుసుదే కావాలి" అని పెళ్లి కుదిర్చింది కూడా ఆయనే. కిందటి శీతాకాలంలో ఒక మధ్యాహ్నం ఆస్పత్రి కారిడార్లో నడుస్తూ నడుస్తూ కూలిపోయారు. చుట్టూ డాక్టర్లే. అయినా లేపలేకపోయారు. నెల తిరక్కుండా కుర్చీ ఈవిడకిచ్చారు. అది ఆయన ఎత్తుకు అమర్చిన కుర్చీ. చిన్నకోడలి కాళ్లు నేలకు సరిగ్గా ఆనవు. అయినా దాని మర తిప్పడానికి చెయ్యి రాలేదు.

ఆస్పత్రిలో విభాగానికొక రౌటర్ ఉంది. కబుర్లకు దారి చూపించే పెట్టెలవి. ఏ దారి తెరిచి ఉంది, ఏది మూసుకుపోయింది అన్నది ఒకదానికొకటి చెప్పుకుంటూ ఉండాలి. అన్నీ అన్నిటితో చెప్పుకోబోతే సంతలా ఉంటుంది కాబట్టి తమలో ఒకదాన్ని ఎన్నుకుంటాయి. ఏం జరిగినా ముందు దానికే చెబుతాయి, అది అందరికీ చాటుతుంది. పుస్తకాలు దాన్ని డెజిగ్నేటెడ్ రౌటర్ అంటాయి. బావగారు "పెద్ద" అనేవారు. పెద్దకేమైనా అయితే ఆ చోట్లోకి రావడానికి పక్కనే ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. అది ఉపపెద్ద.

ఎవరు పెద్ద కావాలో మనిషి శాసించవచ్చు. ప్రతి పెట్టెకూ ప్రయారిటీ అని ఒక అంకె ఇస్తారు. ఎక్కువ అంకె ఉన్నది గెలుస్తుంది. సున్నా ఇస్తే ఎన్నటికీ పోటీలోకే రాదు. అయితే ఒక మెలిక ఉంది. ఎన్నిక అయిపోయి ఒకటి కుర్చీలో కూర్చున్నాక, దానికంటే ఎంత గొప్పది వచ్చి ఎదురుగా నిలబడ్డా అది లేవదు. అది పడిపోవాలి, అప్పుడే ఇంకొకటి. "మనుషుల్లోనూ అంతేగా!" అని నవ్వేవారు బావగారు ఈ పాఠం చెబుతూ.

ఆస్పత్రిలో పెద్ద ఎప్పుడూ కింది అంతస్తులోని భారీ యంత్రమే. దానికి బావగారు పెట్టిన పేరు ఏనుగు. ఆ ఉదయం చిన్నకోడలు తెర మీద పొరుగు పెట్టెలన్నిటినీ వరసగా తెప్పించి చూస్తే, పెద్ద స్థానంలో ఏనుగు లేదు. ఆవిడకు తెలియని ఒక చిరునామా ఉంది. దాని పక్కన ఉపపెద్దగా బట్టలు ఉతికే విభాగంలోని బుల్లి రౌటర్ నిలబడి ఉంది.

"చాకిరేవు ఉపపెద్దా? మన ఆస్పత్రి బాగుపడ్డట్టే" అని ఒక్కతే నవ్వుకుంది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ తెలియని చిరునామా కొత్తది కాదు. ఈ తెర చూసిన ప్రతిసారీ అది అట్టడుగున ఉండేది. ఏ వార్డుదో అనుకుని ఎన్నోసార్లు దాని మీదుగా చూపు జరిపేసింది. ఇన్ని నెలలూ అది మామూలు పెట్టెలా అందరి మధ్యే, ఎవరి కంటా పడకుండా, ఉంటూనే ఉంది.

ఎలా గెలిచిందో ఊహించడం కష్టం కాలేదు. కరెంటు పోయినప్పుడు అన్నీ పడిపోయాయి. ఏనుగు లేచి కూర్చోవడానికి చాలాసేపు పడుతుంది, చాకిరేవులాంటి బుల్లివి ముందే లేస్తాయి. ఈ పెట్టె మాత్రం పడిపోలేదు. దానికి వేరే బ్యాటరీ ఏదో ఉంది. మిగతావి కళ్లు తెరిచేసరికి ఇదే కుర్చీలో కూర్చుని ఉంది.

అదెవరో తేల్చుకుందామని దాని చిరునామా కొట్టి తలుపు తట్టింది. నల్లటి తెర మీద రెండు ముక్కలు వచ్చాయి.

ఎవరది? చెప్పులు బయట విప్పి రా.

కింద పాస్‌వర్డ్ అడుగుతూ మెరిసే గీత.

చిన్నకోడలి చేతులు మీటల మీంచి వాటంతటవే లేచిపోయాయి. యంత్రాల గదికి ఎవరొచ్చినా, ఆస్పత్రి సూపరింటెండెంటే వచ్చినా, తల తిప్పకుండా బావగారు అనే మాట అది. దుమ్మంటే ఆయనకు పడదు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఆవిణ్ణి పలకరించింది కూడా ఆ మాటతోనే. పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతున్న గదిలో, ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. తన చెప్పులు కాళ్లకే ఉన్నాయని గమనించి, సిగ్గు పడుతూనే, విప్పి గుమ్మం అవతల పెట్టి వచ్చింది.

తెలిసిన పాస్‌వర్డులన్నీ కొట్టింది. ఏదీ పనిచేయలేదు.

ప్రతి యంత్రానికీ పుట్టుమచ్చలాంటి ఒక నంబరు ఉంటుంది. దాన్ని పట్టుకుని, అది ఏ తీగలోంచి వస్తోందో ఒక్కో చోటా చూసుకుంటూ బయల్దేరింది. ఆ తీగ మందుల గోదాము దాటింది, వంటశాల వెనకనుంచి వెళ్లింది, పెరడు దాటి ఉద్యోగుల క్వార్టర్సులోకి దూరింది. మెట్ల కింద ఉన్న ఇనప డబ్బా తెరిచి, ఏ ఇంటికి పోతోందో చూడకముందే ఆవిడకు అర్థమైపోయింది. ఆ మెట్లు ఎక్కని వారం లేదు.

తలుపు తీసింది తోడికోడలు, బావగారి భార్య.

"ఈ వేళప్పుడొచ్చావేం? మా మరిది బాగానే ఉన్నాడా?"

"బాగానే ఉన్నారక్కా. ఆస్పత్రి పని మీద వచ్చాను."

"ఆస్పత్రి పని ఇక్కడేముంది?"

చిన్నకోడలు లోపలికి వచ్చింది. హాల్లో కూర్చుంటే, మూసిన గది తలుపు వెనకనుంచి సన్నటి రొద వినబడుతోంది. ఆ గది బావగారిది. ఆయన పోయాక పెద్దకోడలు తప్ప ఎవరూ లోపలికి వెళ్లలేదు. తమ్ముడైతే ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ తలుపుకు వీపు పెట్టి కూర్చుంటాడు. ఆ రొద చిన్నకోడలు ఇంతకుముందూ విన్నది. ఫ్రిజ్జేమో అనుకుంది.

"లోపల ఏదో మోగుతోందక్కా."

"ఆయన పెట్టె. ఇన్వర్టర్ కూడా దానికోసమే పెట్టించారు. ఆపలేదు నేను." పెద్దకోడలు మూసిన తలుపుకేసి చూసి, "ఆ చప్పుడుంటే లోపల పని చేసుకుంటున్నట్టే ఉంటుంది. అన్నానికి పిలిస్తే 'వస్తున్నా, అయిపోయింది' అనేవారు. గంట పోయాక పిలిచినా అదే మాట. ఇప్పుడు నేను పిలవను, అంతే తేడా" అంది.

తర్వాత గొంతు తగ్గించింది. "నీకొకటి చెబుతాను, నవ్వకు. ఇన్నాళ్లూ దాని దీపం తీరిగ్గా మిణుకుమనేది. మొన్న కరెంటు పోయొచ్చినప్పట్నుంచీ ఆగకుండా కొట్టుకుంటోంది. ఏదో చెప్పాలని ఆయన తొందరపడుతున్నట్టు. నేను పోయి ఎదురుగా కూర్చుంటున్నాను. చెప్పండి, వింటున్నానంటున్నాను."

చిన్నకోడలికి నవ్వు రాలేదు. 

ఇద్దరూ లోపలికెళ్లారు. దుమ్ము లేదు. బల్ల మీద కళ్లద్దాలు మడిచి ఉన్నాయి. కుర్చీ వీపుకు ఆయన స్వెట్టర్, మోచేతుల దగ్గర సాగిపోయి, లోపల ఇంకా ఎవరో ఉన్నట్టే ఉంది. గోడ అలమరలో ఎప్పుడో ఆస్పత్రి పారేసిన పాత రౌటర్. దాని ముందరి పచ్చ దీపం పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటోంది.

"అక్కా, మీరనుకున్నదాంట్లో సగం నిజమే. అది తొందరపడుతోంది. ఆస్పత్రి మొత్తం దీంతోనే మాట్లాడుతోంది" అంది చిన్నకోడలు. జరిగిందంతా చెప్పింది. చెప్పుల మాట కూడా చెప్పింది. ఆ మాట విని పెద్దకోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో తెలియలేదు.

"ముసలి పెట్టె అక్కా ఇది. అంత మందికి జవాబు చెప్పే శక్తి దీనికి లేదు. అందుకే అక్కడ అన్నీ ఆగిపోతున్నాయి. దీన్ని ఆపాలి."

పెద్దకోడలి ముఖం మారిపోయింది. "ఆపాలా?"

"ఇది కుర్చీలో ఉన్నంతకాలం ఇంకొకటి రాదు."

"కుర్చీ గురించి నువ్వే మాట్లాడాలిలే." పెద్దకోడలు అలమరకు అడ్డంగా నిలబడింది. "ఆయన కుర్చీ నీకిచ్చారు, నేనేమైనా అన్నానా? ఆయన బల్ల, ఆయన తాళాలు, అన్నీ నీకే. నా సంసారంలో సగం ఆ ఆస్పత్రే తినేసింది. మిగిలింది ఈ చప్పుడొక్కటే. దీన్ని కూడా పట్టుకుపోవడానికొచ్చావా?"

"అక్కా..."

"వెళ్లమ్మాయ్. నేనింకేదైనా అనకముందే వెళ్లు."

చిన్నకోడలు వెళ్లిపోయింది. మెట్లు దిగుతుంటే ఆ రొద వెనకే వస్తున్నట్టనిపించింది. పెరట్లోకి వచ్చాక, వంటశాల గిన్నెల మోత మధ్య కూడా చెవుల్లోంచి పోలేదు.

తన కుర్చీకి తిరిగొచ్చి, చేయగలిగింది చేసింది. ఏనుగుకు అన్నిటికంటే ఎక్కువ అంకె ఇచ్చింది. ఊహించినట్టే, ఏమీ కాలేదు. కూర్చున్నది లేవలేదు. ఇక చాకిరేవు సంగతి. పెద్ద పోగానే పక్కనున్నదే ఆ చోట్లోకి వస్తుంది. దాని బలం ఎంతో ఎవరూ అడగరు. అందుకని ముందు చాకిరేవుకు సున్నా ఇచ్చింది. మిగతా చిన్న పెట్టెలన్నిటికీ అదే ఇచ్చింది. ఉపపెద్ద స్థానం ఖాళీ అయి, ఏనుగు వచ్చి అక్కడ నిలబడింది. ఇక ఒక్కటే మిగిలింది.

సూపరింటెండెంట్ సంగతంతా విని గడ్డం గోక్కున్నాడు. "ఆ క్వార్టర్సుకు పోయే తీగను ఇక్కణ్ణుంచే ఆపలేవా?"

"ఆపగలను సార్. ఒక్క ముక్క కొడితే చాలు."

"మరి దేనికమ్మా ఆలోచన?"

"ఆపితే అక్కడ దీపం ఆరిపోతుంది సార్. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంటుంది."

 బావగారు కూలిపోయినప్పుడు ఆయన గుండె మీద చేతులు వేసి నొక్కింది ఈ సూపరింటెండెంటే. "రేపు చూద్దాం. కానీ రోగికి ముప్పొస్తే మాత్రం రేపటిదాకా ఆగకు" అన్నాడు చివరికి.

మర్నాడు పొద్దున్నే ముప్పు వచ్చింది. ఆపరేషన్ థియేటర్ నుంచి నర్సు ఫోన్ చేసింది. బల్ల మీద రోగి ఉంది, మత్తు ఇచ్చేశారు, స్కాన్ బొమ్మ చూడనిదే సర్జన్ కత్తి పట్టనంటున్నాడు, బొమ్మ తెరుచుకోవడం లేదు. వెనక నుంచి సర్జన్ అరుపు వినబడుతూనే ఉంది: "ఆ నెట్‌వర్కావిడ నిద్రపోతోందా?"

చిన్నకోడలు తీగను ఆపే ముక్క తెర మీద కొట్టి, నొక్కాల్సిన ఒక్క మీటా మిగిల్చి, రెండో చేత్తో ఫోన్ చేసింది.

"అక్కా, ఆ గదిలోనే ఉన్నారా?"

"ఇక్కడే ఉన్నాను." గొంతు వెనక ఆ రొద.

"ఇక్కడొక మనిషి బల్ల మీదుందక్కా. మత్తిచ్చేశారు. స్కాన్ తెరుచుకోవట్లేదు. నేను ఇక్కణ్ణుంచి ఆపేస్తే అయిపోతుంది. మీకు తెలీకుండా ఆ పని చెయ్యలేక చేస్తున్నానీ ఫోను."

అవతల ఏ చప్పుడూ లేదు, ఆ రొద తప్ప. చిన్నకోడలి వేలు మీట మీద ఉంది. ఇంకొక్క ఊపిరి తీసి నొక్కేద్దామనుకుంది.

"ఉండు. నువ్వాపకు. నేనే తీస్తాను. ఏది తియ్యాలి?" అంది పెద్దకోడలు.

"వెనక నల్లటి తీగ. లావుగా ఉన్నది."

ఏదో జరిపిన చప్పుడు, అలమర మీద గాజుల రాపిడి. ఆ తర్వాత ఫోనులో రొద ఆగిపోయింది. అది ఆగాక గానీ ఎంత పెద్దగా ఉండేదో చిన్నకోడలికి తెలియలేదు. ఇప్పుడు అవతలనుంచి ఒక మనిషి ఊపిరి మాత్రమే వినబడుతోంది.

"పోయిందా?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు తెర చూసింది. ఆ చిరునామా ఇంకా పెద్ద స్థానంలోనే ఉంది. ఈ పెట్టెలు పది సెకన్లకోసారి "ఉన్నాను" అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఒకటి చెప్పడం మానేస్తే మిగతావి వెంటనే పోయిందనుకోవు. నలభై సెకన్లు చూస్తాయి. ఆ వరసలో అంకె ఒక్కొక్కటే దిగుతోంది.

"ఇంకా లేదక్కా. ఎదురుచూస్తున్నాయి."

"ఎవరు?"

"మిగతావన్నీ. మళ్లీ పలుకుతుందేమోనని."

పెద్దకోడలు ఊపిరి బరువుగా తీసింది. "ఆరోజు నేనూ ఇలాగే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయారు. ఎవరో ఎదురుపడ్డారు కాబోలు, వాళ్లతో మాట్లాడి వస్తారనుకున్నా. కూరలో నీళ్లు కూడా పోసుకున్నా. ఎవరో ఫోనందుకుని చెప్పేదాకా అలా చెవి దగ్గర పెట్టుకునే ఉన్నా. ఎంతసేపు చూడాలో మనుషులకెవరూ చెప్పరు కదే."

చిన్నకోడలికి ఆ సంగతి తెలియదు. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అంకెలకేసే చూసింది. తొమ్మిది. ఎనిమిది. కూలిపోయిన మనిషి చెవి దగ్గర, కారిడార్ నేల మీద పడి ఉన్న ఫోను ఆవిడ కళ్ల ముందు కదిలింది. చుట్టూ అరుపులు, పరుగులు. ఫోనులోంచి మాత్రం కూర గురించి ఏదో చెబుతున్న ఒక గొంతు.

వరస మాయమైంది. పై వరసలో ఏనుగు పెద్దయింది. తడబాటు లేదు, చప్పుడు లేదు. థియేటర్ నుంచి నర్సు "వచ్చింది, వచ్చింది" అని ఇంకో ఫోనులో అరిచి పెట్టేసింది.

"అయిపోయిందక్కా."

"ఇంతేనా?" అంది పెద్దకోడలు.

"ఇంతే."

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ రోజంతా ఏ తెరా ఆగలేదు. ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి "ఏం మందేశావమ్మా?" అంటే చిన్నకోడలు తల ఊపి తెరకేసి తిరిగింది.

సాయంత్రం ఇంటికెళ్లి భర్తకు చెప్పింది. నోట్లో నాలుక లేని ఆ మనిషి అంతా విని చెప్పులేసుకున్నాడు. ఇద్దరూ కలిసి క్వార్టర్సుకు వెళ్లారు. తలుపు తీసిన వదినను చూసి తల వంచుకుని, హాల్లో ఆగకుండా తిన్నగా అన్న గదిలోకి నడిచాడు. ఆయన పోయాక మొదటిసారి. స్వెట్టర్ అందుకుని, ముఖానికి ఆనించుకుని అలా నిలబడ్డాడు. అతన్ని వదిలేసి తోడికోడళ్లిద్దరూ వంటింట్లోకి వచ్చారు.

"నిన్న నోటికొచ్చినట్టు అన్నాను" అంది పెద్దకోడలు, టీ నీళ్లు పెడుతూ.

"అనాల్సినవాళ్లే అన్నారు."

"అది సరే గానీ, నాకొకటి తెలియట్లేదు. ఇంట్లో ఉన్న ముసలి పెట్టెను ఆ పోటీలో ఎందుకుంచారంటావ్?"

"ఎంత ఆలోచించినా తేలట్లేదక్కా. ఏదైనా పరీక్ష చేసి మర్చిపోయారేమో. ఆయన మర్చిపోయే మనిషి కాదు మరి."

పెద్దకోడలు పొయ్యి మంట చూస్తూ నిలబడింది. "ఆయన పోయిన నెలలోనే ఒకసారి పోట్లాడాను. ఇంటికి అద్దెకున్నవాడిలా వచ్చిపోతున్నారని. ఇకమీదట ఇంట్లోంచే అన్నీ చూసుకునేలా చేస్తాలే, చూస్తూ ఉండు అన్నారు. ఎప్పుడూ అనే మాటే కదా అని నేను పట్టించుకోలేదు."

చిన్నకోడలు టీ పొడి డబ్బా అందించింది. "కావాలంటే దాన్ని లోపలంతా చెరిపేసి, సున్నా పెట్టి మళ్లీ తగిలిస్తానక్కా. ఆస్పత్రికి బాధ ఉండదు. దీపం వెలుగుతుంది, ఆ చప్పుడూ ఉంటుంది" అంది.

"చెరిపితే ఆ చెప్పుల మాట?"

"అదీ పోతుంది."

"అయితే వద్దు. ఆపే ఉంచు. ఆ మాట లోపలుందని తెలిస్తే చాలు నాకు."

గ్లాసుల్లో టీ పోసింది. అలవాటు కొద్దీ నాలుగు గ్లాసుల్లో పోసింది. చిన్నకోడలు చూసీ చూడనట్టు ఊరుకుంది. తమ్ముడు కూడా వచ్చి, కళ్లు తుడుచుకుని, వంటింటి గట్టుకు ఆనుకుని ఒక గ్లాసు అందుకున్నాడు. ముగ్గురూ నిలబడే తాగుతున్నారు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, వీధి చివర ఎవరో పిల్లల్ని పిలుస్తున్నది కూడా వినిపించింది.

అప్పుడు లోపల గది తలుపు మెల్లగా, ఎవరో పని మధ్యలో లేవడం ఇష్టం లేక జాగ్రత్తగా వేసుకున్నట్టు, మూసుకుంది.

"మధ్యాహ్నం కిటికీ తెరిచాను" అంది పెద్దకోడలు.

"గాలే" అన్నాడు తమ్ముడు.

చిన్నకోడలు తల ఊపింది. చూడడానికి ఎవరూ వెళ్లలేదు.